పాత రేసు కార్ల గేర్‌బాక్స్ సామాన్లు: గుర్తుపట్టడం, ధర కట్టడం ఎలా

వారంలో ఒకరిద్దరైనా ఫోటో పంపిస్తారు. నూనె జిడ్డులో ఒక గేరు, పక్కన ఎవరిదో చెప్పు, కింద ఒకటే మాట: "అన్నా, రేసు కారుదంట, ఎంత ఇవ్వొచ్చు?" ఆ ఒక్క ఫోటో చూసి ధర చెప్పేసేవాడు దొరికితే వాడి దగ్గర మాత్రం కొనకండి. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి, డబ్బు ఎక్కడ పోతుంది అన్నది ఒకేచోట రాసేస్తున్నా. విశాఖలో ఉండి చేసే పని కాబట్టి ఉప్పుగాలి గొడవ కాస్త ఎక్కువే ఉంటుంది, ఓపిక పట్టండి.

వరస మార్చొద్దు. ముందు అది ఏ బాక్సుదో తేలాలి, తర్వాత ఎంత అరిగిందో తేలాలి, ధర ఆఖర్న. చాలామంది ధర అడిగాక వస్తువు చూడటం మొదలెడతారు.

1. ముందు సర్దుకోవాల్సినవి

పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు. ఇవి ఒక సంచిలో పడేసుకుంటే చాలు:

- వెర్నియర్ కాలిపర్
- 5 కిలోల వరకు తూగే వంటింటి తూకం, కేసింగుల కోసం సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం
- థ్రెడ్ గేజులు, 55 డిగ్రీలవి ఒక సెట్టు, 60 డిగ్రీలవి ఒక సెట్టు
- చిన్న అయస్కాంతం, చిన్న ఆకురాయి
- పదింతలు పెద్దగా చూపించే లూప్ (కురుపాం మార్కెట్లో బంగారం పనివాళ్ళు కంటికి పెట్టుకునేలాంటిది)
- టార్చి, చాక్‌పీసు, మార్కర్
- డీజిల్, నైలాన్ బ్రష్, పాత గుడ్డలు
- తెల్ల వెనిగర్ చిన్న సీసా
- జిప్ కవర్లు, నోట్‌బుక్కు

వైర్ బ్రష్ ఇంట్లోనే వదిలేయండి. దాంతో తోమితే అంకెలు పోతాయి, అంకెలు పోతే సగం ధర పోయినట్టే.

2. కడగకముందే ఫోటోలు

జిడ్డు చూడగానే చెయ్యి డీజిల్ డబ్బా మీదికి పోతుంది, నాకూ అంతే. ఆగండి. ఆ జిడ్డు కిందే పాత మెకానిక్ పెయింటుతో రాసిన రేషియో (జత గేర్ల పళ్ళ నిష్పత్తి) ఉండొచ్చు, తీగతో కట్టిన రేకు బిళ్ళ ఉండొచ్చు. వచ్చింది వచ్చినట్టే నాలుగు వైపులా ఫోటోలు తీయండి, ఒకదాంట్లో స్కేలు కనపడాలి.

పల్చటి ఉంగరాల్లాంటి షిమ్‌లు షాఫ్ట్‌కి అంటుకుని ఉంటాయి. అవి ఏ వైపు నుంచి వచ్చాయో కవరు మీద రాసి విడివిడిగా పెట్టండి. క్రౌన్ వీలు (చక్రాలకి బలం అందించే పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) ఎంత దగ్గరగా కూర్చోవాలో నిర్ణయించేది ఆ షిమ్‌లే, కలిపేస్తే తర్వాత సెట్టింగు మొత్తం మళ్ళీ మొదట్నించి చేయాలి.

తర్వాత జిడ్డులో కొంచెం వేలితో తీసి కాగితం మీద పూసి, కాగితం కింద అయస్కాంతం కదపండి. సన్నని బూడిదరంగు పేస్టు కదిలితే మామూలు అరుగుదల. సూదుల్లా, పెచ్చుల్లా మెరిసే ముక్కలు కదిలితే లోపల ఏదో విరిగింది. పసుపు రంగు పొడి ఉండి అయస్కాంతానికి రాకపోతే కంచు ఫోర్కో (గేరు మార్చేటప్పుడు జరిపేది), సింక్రో రింగో (గేరు పడేముందు వేగాలు కలిపేది) అరుగుతోందని లెక్క.

3. అసలు ఇది కారు గేరేనా?

నవ్వకండి, ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. "పళ్ళు నిటారుగా ఉన్నాయి, కాబట్టి రేసు గేరు" అన్నది సగం నిజం. రేసు బాక్సుల్లో నిటారు పళ్ళ గేర్లు మామూలే. కానీ ట్రాక్టరులోనూ అవే ఉంటాయి, చాలా మామూలు కార్ల రివర్స్ గేరులోనూ ఉంటాయి, మన పాత అంబాసిడర్ ఫస్ట్ గేరు కూడా సింక్రో లేని నిటారు పళ్ళదే.

లేత్ మిషన్‌లో అవసరాన్ని బట్టి మార్చి వేసే చేంజ్ గేర్లయితే మరీను. ఒకసారి నేను ఎంతో మురిసిపోయి ఆటోనగర్‌కి నాలుగు గేర్లు పట్టుకెళితే, టర్నర్ మేస్త్రి ఒకటి చేతిలో తిప్పి చూసి, "బాబూ, ఇవి నా లేత్‌వే, ఎక్కడ కొన్నారు?" అన్నాడు. ఆ రోజు టీ డబ్బులు నేనే ఇచ్చాను.

తేడా పట్టే పద్ధతి ఇది:

- నడి రంధ్రంలో ఒకే ఒక్క కీ గాడి ఉండి పక్కల నున్నగా ఉంటే లేత్ గేరు అయ్యే అవకాశమే ఎక్కువ.
- రంధ్రం లోపల చుట్టూ స్ప్లైన్లు (షాఫ్ట్‌ని పట్టుకునే నిలువు పళ్ళు) గానీ, బేరింగు నడిచే నున్నని గోడ గానీ ఉంటే గేర్‌బాక్సుది.
- గేరు పక్క ముఖం మీద కొద్ది సంఖ్యలో లావుపాటి దిమ్మల్లాంటి పళ్ళు ఉంటే వాటిని డాగ్స్ అంటారు. కార్లలో ఇది రేసింగుకి మంచి ఆనవాలు, మోటార్‌సైకిల్ గేర్లలోనూ ఉంటాయి కాబట్టి సైజు కూడా చూడండి.
- పక్క ముఖం అంచున చిన్నచిన్న మొనదేలిన పళ్ళు చాలా ఉంటే అది సింక్రో గేరు. రోడ్డు కారుదై ఉండొచ్చు, రోడ్డు బాక్సుకి వేసే క్లోజ్ రేషియో (గేర్ల మధ్య తేడా తక్కువున్న) సెట్టుదీ అయి ఉండొచ్చు.
- పని చేయని అంచు మీద ఆకురాయి మెల్లగా లాగండి. జారిపోతే గట్టిపరిచిన ఉక్కు, కొరికితే మెత్తటి లోహం. కేస్ హార్డెన్ చేసిన గేరు పై పొర గట్టితనం కొలిచే రాక్‌వెల్ సీ స్కేలు మీద సుమారుగా 58 నుంచి 62 ఉంటుంది, ఆకురాయికి లొంగదు.

4. అంకెలు చదవడం

ఇక డీజిల్‌తో కడగండి, ఆరనివ్వండి, చాక్‌పీసు రుద్ది పైపైన తుడవండి. గుంటల్లో తెల్లగా మిగిలిపోయి అక్షరాలు కనబడతాయి. టార్చి నేరుగా వేయకుండా పక్కనుంచి వేసి చూడండి.

ఉబ్బెత్తుగా ఉన్న అంకెలు అచ్చులోంచి వచ్చినవి, అంటే కాస్టింగ్ నంబరు. లోపలికి గుచ్చినట్టున్నవి తర్వాత కొట్టినవి: సీరియల్, తేదీ, రేషియో, ఇన్‌స్పెక్టర్ ముద్ర. కాస్టింగ్ నంబరునే పార్ట్ నంబరు అనుకుని వెతికితే ఏదీ దొరకదు, లేకపోతే తప్పు వస్తువు దొరుకుతుంది. ఒకే కాస్టింగుని వేర్వేరుగా మిషనింగ్ చేసి మూడు నాలుగు రకాల బాక్సులకి వాడిన సందర్భాలు బోలెడు.

కరెంటు పెన్సిలుతో గీకినట్టు వంకరటింకరగా ఉన్న అంకెల్ని అస్సలు వదలొద్దు. క్రౌన్ వీలు, పినియన్ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసి జత చేసినవి, ఆ జత నంబరు రెండిటి మీదా అలాగే గీస్తారు. పక్కనే ఉండే ఇంకో అంకె పినియన్ ఎంత దూరంలో కూర్చోవాలో చెప్పే కొలత కావచ్చు. జత నంబర్లు కలవకపోతే అవి ఒకే సెట్టు కావు, ఎంత మెరిసినా సరే.

దొంగ ముద్రలు కూడా ఉంటాయి. పాత తుప్పు గుంట మీదుగా అక్షరం శుభ్రంగా వెళ్ళినా, అక్షరం అంచులు ఇంకా వేలికి గీరుకుంటున్నా, చుట్టూ గ్రైండర్ గీతలున్నా అది ఈమధ్య కొట్టింది.

5. తరచూ ఎదురయ్యే కుటుంబాలు

అన్నీ రాయలేను, ఎక్కువగా చేతికి వచ్చేవి చెప్తాను.

హ్యూలాండ్: ఇంగ్లాండ్ కంపెనీ, ఫార్ములా కార్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. దీని తొలి ఎంకే సిరీస్ బాక్సులకి ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కేసింగే వాడారు. అందుకే కేసింగు మీద ఫోక్స్‌వ్యాగన్ గుర్తు చూసి "బీటిల్ తుక్కు" అని పక్కన పడేయకండి, వెనక బిగించిన గేరు కేసు, లోపలి గేర్లు చూడండి. ఎంకే 8, ఎంకే 9 నాలుగు గేర్లవి, ఫార్ములా ఫోర్డ్ కార్లలో నడిచాయి. ఎఫ్‌టీ200 ఐదు గేర్లది, చిన్న ఫార్ములా కార్లది. డీజీ300, ఎఫ్‌జీ400 ఫార్ములా వన్‌లో నడిచినవి. ఎల్‌జీ సిరీస్ పెద్ద వీ8 ఇంజిన్లకి.

గేరు మీద 18:35 లాంటి జత అంకె కనిపిస్తే అదే రేషియో. ప్రతి ట్రాక్‌కీ రేషియోలు మార్చుకోవడానికి వీలుగా గేర్లు వెనక కవరు తీస్తే చేతికి వచ్చేస్తాయి, అందుకే ఒక్కో కారు వెంట అదనపు జతలు పెట్టెల్లో తిరిగేవి. ఇప్పుడు విడిగా దొరికేవి చాలావరకు అవే.

జడ్‌ఎఫ్: జర్మన్ కంపెనీ. 5డీఎస్-25 అనే బాక్సు ఫోర్డ్ జీటీ40 రేసు కారులోనూ, డీ టొమాసో పాంటెరా రోడ్డు కారులోనూ వాడారు. కాబట్టి "జీటీ40 బాక్సు" అంటే ముందు నేమ్ ప్లేటు మీద టైపు నంబరు అడగండి. రెండూ ఒకే కుటుంబం, కానీ పాంటెరాలు రోడ్డు మీదికి వేలల్లో వచ్చాయి, ధరలో తేడా అక్కడే.

మన్సీ: అమెరికన్ నాలుగు గేర్ల బాక్సు, 1963 నుంచి 1974 దాకా వచ్చింది. ఎం20, ఎం21, ఎం22 అని మూడు రకాలు. అందరూ అడిగేది ఎం22, దీని పళ్ళ వాలు మిగతా రెండిటికంటే తక్కువ, అందుకే గోల ఎక్కువ చేస్తుంది. 1966 నుంచి వచ్చిన బాక్సుల్లో ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ వైపుది) మీద గుండ్రటి గాడులు లెక్కపెట్టండి: రెండుంటే ఎం20, ఒకటుంటే ఎం21, అసలు లేకపోతే ఎం22. కేసు మీద పీ8బీ21 లాంటి ముద్ర ఉంటే పీ అంటే మన్సీ, 8 అంటే 1968 మోడల్, బీ ఫిబ్రవరి, 21 తారీఖు. నెలల అక్షరాలు వరసగా ఏ, బీ, సీ, డీ, ఈ తర్వాత హెచ్, కే, ఎం, పీ, ఆర్, ఎస్, టీ. షాఫ్ట్ ఎవరైనా మార్చి ఉండొచ్చు కాబట్టి గాడులు, ముద్ర, పళ్ళ వాలు మూడూ ఒకే మాట చెప్పాలి.

పోర్షే: కేసింగు మీద 901, 915 లాంటి టైపు నంబరుతో మొదలెట్టండి, గేర్ల మీద పళ్ళ సంఖ్యలు కొట్టి ఉంటాయి.

6. పళ్ళు లెక్కపెట్టి కొలవడం

ఒక పన్ను మీద మార్కర్ చుక్క పెట్టి లెక్కపెట్టండి, రెండుసార్లు. తిరిగే గేరు పళ్ళని తిప్పే గేరు పళ్ళతో భాగిస్తే రేషియో. 18:35 అంటే 35ని 18తో భాగించాలి, 1.94. క్రౌన్ పినియన్ 9:31 అయితే 3.44.

ఏ బాక్సుదో తెలియని నిటారు పళ్ళ గేరైతే బయటి వ్యాసం అంగుళాల్లో కొలిచి, పళ్ళ సంఖ్యకి 2 కలిపి, ఆ మొత్తాన్ని వ్యాసంతో భాగించండి. 24 పళ్ళు, 3.25 అంగుళాలు అయితే 26 భాగింపు 3.25, అంటే 8. ఇలా పూర్తి సంఖ్యకి దగ్గరగా వస్తే అంగుళాల లెక్కలో కోసిన గేరు, ఇంగ్లీషుదో అమెరికాదో. రాకపోతే మిల్లీమీటర్లలో కొలిచి వ్యాసాన్ని అదే మొత్తంతో భాగించండి, 2.5, 3 లాంటివి వస్తే మెట్రిక్. రేసు గేర్లకి పళ్ళ ఎత్తు సర్దుబాటు చేస్తారు కాబట్టి కాస్త అటూ ఇటూ వస్తుంది.

బోల్టు రంధ్రాల మరలు కూడా సాక్ష్యమే. 55 డిగ్రీల గేజు కూర్చుంటే పాత ఇంగ్లీషు మర. 60 డిగ్రీలదైతే యూఎన్‌ఎఫ్ (అంగుళాల సన్న మర) గానీ మెట్రిక్ గానీ, పిచ్ (మరల మధ్య దూరం) చూసి తేల్చుకోవాలి.

7. కేసింగు: మెగ్నీషియమా, అల్యూమినియమా?

విశాఖవాళ్ళు ఈ భాగం రెండుసార్లు చదవండి.

బరువు తగ్గించడానికి చాలా రేసు కేసింగుల్ని మెగ్నీషియంతో పోశారు. ఘన సెంటీమీటరుకి మెగ్నీషియం 1.74 గ్రాములు, అల్యూమినియం 2.7. చిన్న కవరైతే ఇంట్లోనే తేల్చొచ్చు. తూచి, నిండు బకెట్‌లో ముంచి పొర్లిన నీళ్ళు కొలవండి. 870 గ్రాముల కవరు 500 మిల్లీలీటర్లు పొర్లిస్తే మెగ్నీషియం దగ్గరే, అదే కొలత అల్యూమినియం అయితే 1,350 గ్రాములు ఉండేది. వెంటనే పూర్తిగా ఆరబెట్టి నూనె రాయండి.

బకెట్‌లో పట్టకపోతే వెనిగర్. కనపడని మూల రంగు లేని చోట ఒక్క చుక్క వేయండి. మెగ్నీషియం అయితే వెంటనే బుడగలు తేలతాయి, అల్యూమినియం దాదాపు ఊరుకుంటుంది. తుడిచి, నీళ్ళతో కడిగి, ఆరబెట్టండి.

మాది పెదవాల్తేరు. ఒక మెగ్నీషియం కేసింగుని "రేపు చూద్దాంలే" అని బాల్కనీలో గోనెసంచి కింద పెట్టి ఒక వానాకాలం గడిపేశాను. తీసి చూస్తే స్టడ్‌ల (కేసులో బిగించిన తల లేని బోల్టులు) చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి పొడి, గోటితో గీకితే గుంట పడుతోంది. ఉప్పు తేమలో ఉక్కు స్టడ్, మెగ్నీషియం ఆనుకుని ఉంటే తినేది మెగ్నీషియాన్నే. అది నా ఖర్మ, కాదు, నా బద్ధకం.

కాబట్టి కొనేముందు స్టడ్ మొదళ్ళు, బేరింగు కూర్చునే గుండ్రాలు, నీళ్ళు నిలిచే అడుగు భాగం స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. పైన కొత్త పెయింటు ఉంటే అనుమానం ఇంకా పెంచుకోండి.

వీటిని మర్చిపోవద్దు:

- మెగ్నీషియాన్ని గ్రైండర్‌తో రుద్దొద్దు. పొడి అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మంట పెరుగుతుంది. పొడి ఇసుక పక్కన ఉండాలి.
- ఆర్గాన్ వెల్డింగుకి ఇస్తే అది మెగ్నీషియం అని ముందే చెప్పండి. అల్యూమినియం ఫిల్లర్ వేస్తే అతుకు నిలబడదు, పైగా కేసు పోతుంది.
- న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, తేమ పీల్చి పట్టి ఉంచుతుంది. నూనె రాసి, తుప్పు పట్టనివ్వని కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో మూయండి. వానాకాలంలో పొట్లాలు మారుస్తూ ఉండండి.

8. అరుగుదల, పగుళ్ళు

గేరు పళ్ళకంటే ముందు డాగ్స్ చూడండి. వాటి అంచులు పదునుగా, పక్కలు కొంచెం లోపలికి వాలి ఉండాలి, లోడు పడినప్పుడు గేరు జారిపోకుండా పట్టి ఉంచేది ఆ వాలే. అంచులు సబ్బుబిళ్ళలా గుండ్రంగా అయిపోతే గేరు పడినట్టే పడి ఎగిరిపోతుంది.

పళ్ళ మీద సూది పొడిచినట్టు గుంటలు ఒకటి రెండు పళ్ళకే ఉంటే బేరం చేయొచ్చు, అన్నిటికీ ఉంటే వదిలేయండి. రంగు చూడండి: లేత పసుపు దగ్గరినుంచి నీలం దాకా తిరిగి ఉంటే నూనె అందక కాలింది. నీలం అంటే సుమారు 300 డిగ్రీల సెల్సియస్ చూసింది, గట్టితనం పోయి ఉంటుంది. స్ప్లైన్లలో ఒక వైపు మెట్టు తగిలితే బాగా వాడారు. సెలెక్టర్ ఫోర్క్ రెండు కొనలూ వెర్నియర్‌తో కొలవండి, తేడా ఉంటే వంగినట్టో, ఒకవైపే అరిగినట్టో.

ఖరీదైన వస్తువుకి కంటి చూపు చాలదు. స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, రిఫైనరీ ఉన్న ఊరు మనది, గాజువాక వైపు అడిగితే క్రాక్ టెస్టు చేసేవాళ్ళు దొరుకుతారు. ఉక్కు గేర్లకి మాగ్నెటిక్ పార్టికల్ టెస్టు, మెగ్నీషియం, అల్యూమినియం కేసింగులకి డై పెనెట్రంట్. ఈ రెండోది మూడు స్ప్రే డబ్బాలతో మనమే చేసుకోవచ్చు: క్లీనర్‌తో కడిగి, ఎర్ర రంగు కొట్టి డబ్బా మీద రాసినంతసేపు ఆగి, తుడిచి, తెల్లది కొట్టండి. పగులుంటే ఎర్ర గీత లేచి వస్తుంది. పన్ను మొదలు, స్టడ్ రంధ్రాల చుట్టూ, బేరింగు గోడల దగ్గర బాగా చూడండి.

9. ధర కట్టడం

అమ్మకానికి పెట్టిన ధర ఒకటి, అమ్ముడుపోయిన ధర ఒకటి. మీకు కావాల్సింది రెండోది మాత్రమే. అదే మోడల్, దాదాపు అదే స్థితిలో అమ్ముడైనవి మూడైనా పట్టుకోండి.

తర్వాత కొత్తది ఇంకా తయారవుతోందా చూడండి. హ్యూలాండ్ కంపెనీ పాత బాక్సులకి ఇప్పటికీ సామాన్లు ఇస్తోంది, మన్సీకి రీప్రొడక్షన్ (పాతదానిలాగే కొత్తగా చేసిన) కేసులు దొరుకుతాయి. కొత్తది దొరికే చోట వాడిన గేరు ధర ఆ కొత్తదాని ధర దాటదు, ఎంత పాతదైనా. కొత్తది దొరకని కేసింగులకి, అసలు జతలకి మాత్రం కొనేవాడు ఎక్కువ పెడతాడు. హిస్టారిక్ రేసుల్లో (పాత కార్ల పోటీల్లో) కార్లకి ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటార్ రేసుల సంస్థ) నిబంధనల్లో అపెండిక్స్ కే ప్రకారం ఆ కాలపు స్పెసిఫికేషన్ చూస్తారు, కాబట్టి ఆ కారు హోమోలోగేషన్ ఫారంలో (అప్పట్లో పోటీకి ఒప్పుకున్న వివరాల పత్రం) ఉన్న రేషియోకే గిరాకీ.

ఒక లెక్క వేద్దాం. అంకెలు కేవలం లెక్క కోసం ఊహించినవి.

జత కలిసిన క్రౌన్ పినియన్ మూడు చోట్ల 42,000, 48,000, 60,000కి అమ్ముడైంది. 60,000దాంతో కొత్త బేరింగులు కూడా ఇచ్చారు, దాన్ని పక్కన పెట్టి 48,000 పట్టుకుందాం. మనదానికి కొంచెం గుంటలున్నాయి, 30 శాతం తీసేస్తే 33,600. అమ్మే చోట కమీషన్ 10 శాతం, అంటే 3,360. ప్యాకింగ్, పంపడం 5,000. క్రాక్ టెస్టు 1,500. మిగిలింది 23,740. టెస్టులో పోయే ప్రమాదానికీ, నా తిప్పలకీ పావు వంతు తీస్తాను. 17,800 దగ్గర నా మాట ఆగుతుంది. అమ్మేవాడు 40,000 అంటే టీ తాగి వచ్చేస్తాను.

జత నంబర్లు కలవకపోతే ఆ 48,000 లెక్కే పనికిరాదు, నేనైతే పావు ధరకి మించి చూడను. జతలో ఒక గేరే ఉంటే ఇంకా తక్కువ.

విదేశం నుంచి తెప్పిస్తే గేర్‌బాక్సులు, వాటి భాగాలు 8708 40 శీర్షిక కింద వస్తాయి. కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా, ఇన్సూరెన్స్ కూడా కలిపిన మొత్తం మీద వేస్తారు, దానిపైన ఐజీఎస్టీ. కేసింగు లాంటి బరువైనదానికి రవాణానే వస్తువుతో పోటీపడుతుంది. ఆ రోజు రేట్లు చూసుకుని ఆర్డరు పెట్టండి, బిల్లులో వాడిన భాగం అని ఉన్నది ఉన్నట్టు రాయించండి.

10. తప్పులు, సర్దుబాట్లు

తోమి మెరిపించి అమ్మకానికి పెట్టారా? కడగకముందు తీసిన ఫోటోలుంటే అవీ పెట్టండి. శాండ్ బ్లాస్టింగ్ చేయించేశారంటే మాత్రం సర్దుబాటు లేదు, అది దాచకుండా చెప్పి తక్కువకి ఇవ్వడమే.

రెండు బాక్సుల గేర్లు ఒకే డబ్బాలో కలిసిపోతే స్ప్లైన్ల సంఖ్య, నడి రంధ్రం వ్యాసం ప్రకారం విడదీయండి, తర్వాత రేషియో ముద్రలు. పళ్ళ సంఖ్యతో మొదలెడితే సాయంత్రమైపోతుంది.

"సోలవరంలో పరుగెత్తిన కారుది" అని (చెన్నై దగ్గరి పాత రేసు ట్రాక్ అది) కథ చెప్తే పాత ఫోటోనో, బిల్లో, లాగ్‌బుక్కో అడగండి. కాగితం లేకపోతే కథ వినండి, డబ్బు మాత్రం లోహానికే ఇవ్వండి.

డబ్బు చేతులు మారేముందు:

- టైపు పేరు కనీసం రెండు వేర్వేరు ఆనవాళ్ళతో తేలిందా?
- పళ్ళు లెక్కపెట్టారా, ముద్రతో కలిసిందా?
- జత నంబర్లు రెండిటి మీదా మీ కంటితో చూశారా?
- డాగ్స్ అంచులు, పళ్ళ మొదళ్ళు లూప్‌తో చూశారా?
- కేసింగు ఏ లోహమో తేలిందా, స్టడ్ మొదళ్ళు పొడిచి చూశారా?
- అమ్ముడుపోయిన మూడు ధరలు నోట్‌బుక్కులో ఉన్నాయా?
- క్రాక్ టెస్టులో ఫెయిలైతే వెనక్కి తీసుకుంటానని కాగితం మీద రాయించారా?

చివరిదానికి అమ్మేవాడు ఒప్పుకోకపోతే టెస్టు ఖర్చు మీరే పెట్టుకుంటానని, టెస్టుకి అతన్నే వెంట రమ్మని అడగండి. గాజువాక దాకా రానంటే వస్తువు అక్కడే పెట్టేసి రండి.